విజిల్ వచ్చే ముందు చెప్పండి

డాక్టరు చీటీ మీద రాసిన పేర్లు రెండు. ఆందోళన రుగ్మత, దాంతోపాటు ఒక మోస్తరు డిప్రెషన్. రెండూ నిజమే. మందులు వాడాను, చాలావరకు తగ్గాయి. కానీ ఆ రెండు పేర్లూ చెబితే నా జబ్బు గురించి సగమే చెప్పినట్టు. మిగతా సగం నా చెవుల్లో, చర్మం మీద, ముక్కులో ఉంది. అది పుట్టినప్పటినుంచి నాతో ఉన్నదే కాబట్టి డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అని నాకు తోచలేదు. ఆయన కూడా మొదట్లో అడగలేదు.

చిన్నప్పుడు కొత్త చొక్కా కొంటే అమ్మ ముందు బ్లేడు తీసుకుని కాలర్ లోపల కుట్టిన లేబుల్ విప్పేసేది. లేకపోతే నేను వేసుకునేవాణ్ణి కాదు. బెండకాయ జిగురు నాలుకకు తగిలితే వాంతి అయ్యేది. దీపావళికి వీధంతా బయట ఉంటే నేను బియ్యం డబ్బాల గదిలో దూరి తలుపు వేసుకునేవాణ్ణి. పిరికివాడని పేరు పడింది. విచిత్రం ఏమిటంటే, జాతరలో మిగతా పిల్లలు కళ్లు తిరిగి ఏడ్చే రంగులరాట్నం మీదనుంచి నన్ను దించాలంటే మా నాయన లాక్కురావాల్సి వచ్చేది. ఎంత తిరిగినా చాలేది కాదు. కాబట్టి పిరికితనం అన్న లెక్క ఎక్కడో తప్పిందని ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు ఆలోచించినవాళ్లు లేరు.

బ్యాంకులో క్లర్కుగా చేరాక చాలా ఏళ్లు పత్తికొండ వైపు చిన్న బ్రాంచిలో పనిచేశాను. టమాటా సీజన్‌లో తప్ప పెద్ద రద్దీ ఉండేది కాదు. తర్వాత కర్నూలు టౌన్‌లో పెద్ద బ్రాంచికి వచ్చాను. ఇల్లు దగ్గర, పిల్ల చదువుకు మంచిది, అందరం సంతోషించాం. క్యాష్ కౌంటర్ ఇచ్చారు.

ఆ కౌంటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎడమ పక్క నోట్లు లెక్కపెట్టే మెషిన్. వెనక పాస్‌బుక్ ప్రింటర్, పళ్లు కొరికినంత కీచుగా అరుస్తుంది. తల మీద ఒక ట్యూబ్‌లైటు, అది కొట్టుకుంటోందని నేను తప్ప ఎవరూ అనేవాళ్లు కాదు. టోకెన్ నంబర్ పిలిచే ఆడగొంతు. వరస కదలకపోతే గాజు మీద రూపాయి బిళ్లతో టక్ టక్ కొట్టే పెద్దమనుషులు. మార్కెట్ యార్డు నుంచి వచ్చే ఉల్లి వ్యాపారుల నోట్ల కట్టల్లో ఆ ఘాటు పట్టుకుని ఉంటుంది. చెమట, తంబాకు వాసన సరేసరి. టోకెన్ యంత్రం పాడైన రోజు జనమంతా ఒకేసారి కౌంటర్ మీద పడతారు చూడండి, నా తలలో రోజూ అదే పరిస్థితి. దేనికి ముందు, దేనికి తర్వాత అన్న వరసే లేదు. అన్నీ ఒకే గట్టిదనంతో లోపలికి వచ్చేవి. పక్క కౌంటర్ ఆయనకు ఆ ప్రింటర్ సద్దు వినిపిస్తున్నట్టే ఉండేది కాదు. ఆయన ఫోన్లో కొడుకు కాలేజీ ఫీజు గురించి తాపీగా మాట్లాడుకునేవాడు.

మొదట నాకు నిద్ర దూరమైంది. తర్వాత ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో దేవినట్టు ఉండేది. ఇంటికి వచ్చాక కోపం. మా పాప బొరుగుల మిక్చర్ నములుతుంటే ఆ సద్దుకు నా లోపల ఏదో తెగిపోయేది. దానికి మిసోఫోనియా అని పేరుందనీ, 2001లో ఆ పేరు పెట్టారనీ, నిపుణులందరూ ఒప్పుకున్న నిర్వచనం 2022లో గానీ రాలేదనీ తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే. పాప గిన్నె తీసుకుని వేరే గదిలోకి పోయి తినడం మొదలుపెట్టింది. నా భార్య ఒకరోజు, "మీరు ఇంట్లోకి వస్తే టీవీ కూడా నోరు మూసుకుంటాది" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఎండాకాలం వచ్చింది. కర్నూలు మే నెల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వేడికి ఎవరికైనా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది. శరీరం లోపలి ఈ కబుర్లను కూడా మెదడు ఒక ఇంద్రియంలాగే వింటుందట. గుండె, శ్వాస, ఆకలి, మూత్రం, అన్నీ. బయటి సద్దులు ఎక్కువగా వినేవాడినైన నేను ఈ లోపలి సద్దులూ ఎక్కువే విన్నాను. ఒక పింఛన్ల రోజు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే చేతులు చల్లబడి, ఊపిరి అందక, ఇక అయిపోయింది అనుకున్నాను. ఆటోలో తీసుకుపోయారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్ష, అన్నీ సరిగ్గా ఉన్నాయి. గ్యాస్ అన్నారు. బిళ్లలు ఇచ్చారు. అమ్మ ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంది. ఈ రెండిటిలో అమ్మ మొక్కు నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ తర్వాతి నెలల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. సెలవు పెట్టి పడుకున్నాను. ఒక సంగతి మాత్రం గుర్తుంది. అన్నీ ఎక్కువగా తగిలే నాకు అప్పుడు ఏదీ తగలడం మానేసింది. ఉగ్గాని పెడితే ఉప్పు ఉందో లేదో తెలియదు. మల్లెపూలు గదిలో ఉన్నా వాసన లేదు. డిప్రెషన్‌లో వాసన పసిగట్టే శక్తి తగ్గుతుందని పరిశోధనల్లో కూడా ఉందని తర్వాత విన్నాను. కానీ ప్రెజర్ కుక్కర్ విజిల్ వస్తే మాత్రం మంచం మీద ఎగిరిపడేవాణ్ణి. సుఖం ఇచ్చేవి మొద్దుబారి, బాధపెట్టేవి అలాగే ఉండటం ఏమి న్యాయమో!

ఒక రాత్రి నేను బతకడం ఎందుకన్న మాట నోరు జారితే నా భార్య పొద్దున దాకా ఆగలేదు. 14416కు ఫోన్ చేసింది. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు ఆమెతోనూ, నాతోనూ మాట్లాడి, ఆ రాత్రి నన్ను ఒంటరిగా వదలొద్దని, మర్నాడే మానసిక వైద్యుణ్ణి కలవమని గట్టిగా చెప్పారు. కలిశాం.

డిప్రెషన్‌కూ, ఆందోళనకూ వాడే ఎసిటలోప్రామ్ అనే మందు మొదలుపెట్టారు. మొదటి వారాల్లో టెన్షన్ ఇంకొంచెం పెరిగినట్టు అనిపించవచ్చని, భయపడి ఆపొద్దని డాక్టరు ముందే చెప్పారు. అలాగే అయింది. ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను. నిద్రకు, గాభరాకు క్లోనజిపామ్ కొద్దిరోజులకే ఇచ్చారు. అది అలవాటు పడే మందు అని చెప్పి మెల్లగా తగ్గించి ఆపేశారు. కొన్ని వారాలకు పొద్దున్నే లేవగానే ఉండే గుండెదడ పోయింది. అన్నం రుచి తిరిగొచ్చింది. మానసిక మందులంటే మత్తులో పడేస్తారని అనుకునేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నన్ను చూసి కొంత మారారు.

ఉద్యోగానికి పోయాను. కౌంటర్లో కూర్చున్న మధ్యాహ్నానికే పాత కథ మొదలైంది. భయం లేదు, దిగులు లేదు, కానీ సద్దు అంతే గట్టిగా ఉంది. మూడు గంటలకల్లా తల పగిలిపోయి, దానివెంట భయం కూడా మెల్లగా వచ్చి కూర్చునేది.

డాక్టరు అప్పుడు ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. ఎప్పుడు గాభరా వచ్చింది, దానికి ముందు మనసులో ఏ ఆలోచన ఉంది అని. నేను నిజాయితీగా రాస్తే ఆలోచన గడి చాలాసార్లు ఖాళీగా మిగిలింది. దానికి బదులు 'ప్రింటర్', 'లైటు', 'పక్కాయన సెంటు', 'జెనరేటర్' అని రాశాను. కరెంటు పోయి బ్రాంచిలో ఏసీ, మెషిన్లు ఆగిన రోజు అందరూ విసుక్కుంటుంటే నేను మాత్రం హాయిగా ఉన్నానని రాసిన పేజీ చూసి ఆయన నవ్వారు. క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ ఇష్టం. "మీ చొక్కాల్లో లేబుళ్లు ఉన్నాయా?"

సద్దు, వాసన, తాకిడి లాంటివి మనకు ఎలా తగులుతాయో అడిగే అరవై ప్రశ్నల పత్రం ఒకటి నింపించారు. పదకొండేళ్లు దాటిన ఎవరికైనా వాడే పత్రం, అమెరికాలో ఇద్దరు ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదిచ్చేవాళ్లు, తయారుచేసి 2002లో అచ్చు వేసినది. వారిలో ఒకరైన విన్నీ డన్ 1997లో చెప్పిన లెక్క దాని వెనక ఉంది. సద్దు గానీ వాసన గానీ మెదడుకు తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో మట్టం ఉంటుంది. కొందరికి చాలా తక్కువే చాలు, కొందరికి చాలా కావాలి. దానికి కొందరు ఊరుకుని పడి ఉంటారు, కొందరు తప్పించుకోవడానికో వెతుక్కోవడానికో ఏదో ఒకటి చేస్తారు. ఈ రెండూ కలిపితే నాలుగు రకాలు. ఒకే మనిషిలో చెవికి ఒక రకం, ఒంటికి ఇంకో రకం ఉండవచ్చు. రంగులరాట్నం సంగతి అప్పుడు నాకు అర్థమైంది. అంతకుముందే, 1972లో, జీన్ ఎయర్స్ అనే ఆవిడ పిల్లల్లో ఈ ఇంద్రియాల సర్దుబాటు గురించి పుస్తకం రాశారు. మా వీధిలో నన్ను పిరికివాడు అనే రోజులకు ఆ పుస్తకం వచ్చి చాలా కాలమైంది.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఈ ఇంద్రియాల తేడా ముందా, ఆందోళన ముందా? సైకాలజిస్ట్ మూడు దారులు చెప్పారు. ఆటిజం ఉన్న పిల్లల గురించి 2010లో పరిశోధకులు వేసిన ప్రశ్నలే అవి. ఎప్పుడు ఏ సద్దు మీద పడుతుందో తెలియని మనిషికి ఎదురుచూపే భయంగా మారుతుంది. అది ఒక దారి. భయంలో ఉన్న మనిషి ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంటాడు కాబట్టి చిన్న చప్పుడూ పెద్దదవుతుంది. అది రెండో దారి. లేదా రెండిటికీ అడుగున ఇంకేదో ఉంది. నా విషయంలో చెవులు ముందు, భయం తర్వాత. కానీ భయం వచ్చాక అది చెవులను ఇంకా పదును పెట్టింది. మందు ఆ పదును తగ్గించింది తప్ప చెవులను మార్చలేదు. మందు పనిచేయలేదని నేను అనుకుంటున్నది అందుకే అని ఆమె చెప్పాక, బిళ్లల మీద నాకున్న అసంతృప్తి పోయింది.

ఇదొక్క ఆందోళనతోనే ముడిపడింది కాదు. ఘోరమైనదేదో చూసి బయటపడ్డవాళ్లు చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతారు. ఓసీడీలో, అంటే ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే జబ్బులో, కొందరికి చేతికి తగిలింది 'సరిగ్గా లేదు' అనిపించి మళ్లీ మళ్లీ ముట్టుకోవాలనిపిస్తుంది. అర సెకను తేడాతో రెండు టిక్‌లు వినిపిస్తే మామూలుగా మెదడు రెండోదాన్ని తక్కువగా పట్టించుకుంటుంది, స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లలో చాలామందికి ఆ తగ్గింపు సరిగా ఉండదని 1980ల నుంచీ తెలుసు. అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల పేర్లు, లక్షణాలతో వేసే పుస్తకంలో, ఆటిజం లక్షణాల జాబితాలో ఇంద్రియాల తేడాను 2013లో చేర్చారు. నా చిన్నతనం గురించి గుచ్చి గుచ్చి అడిగి, నాది ఆటిజం కాదని తేల్చారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఫోన్లో రెండు వీడియోలు చూసి 'నీకు సద్దు పడదు కాబట్టి నువ్వు ఫలానా' అని తీర్పు చెప్పేవాళ్లు మా బ్రాంచిలోనే ఇద్దరున్నారు. ఒకే బాధ పది రకాల మనుషులకు ఉంటుంది.

ఈ ఇంద్రియాల తేడాను విడిగా ఒక జబ్బు అని ఆ 2013 పుస్తకంలో చేర్చలేదు. దాన్ని విడి జబ్బుగా రాయొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే చెప్పింది. నాకు అందులో అభ్యంతరం లేదు. పేరు లేకపోయినా బాధ ఉంది, బాధ ఉన్నచోట ఏం చేయాలో చూస్తే చాలు. పేరు పెట్టి వేల రూపాయల సామాను అమ్మేవాళ్లతోనే నాకు పేచీ. బరువు దుప్పటి అని ఆన్‌లైన్‌లో పెట్టిన ధర చూసి నా భార్య అటక మీదనుంచి మా జేజి నాటి కంబళి దించింది. ఒంటికి గుచ్చుకోకుండా కింద నూలు దుప్పటి వేసుకుని పైన ఆ బరువు కప్పుకుంటే చలికాలం బాగా నిద్ర పట్టింది. మిగతా కాలంలో ఈ ఊళ్లో కంబళి కప్పుకునే ధైర్యం ఎవరికుంది!

చెవుల్లో దూది సంగతి. మొదట దూది, తర్వాత స్పాంజి ప్లగ్గులు. ఎంత సుఖమో. పొద్దున పెట్టుకుంటే రాత్రి దాకా. కానీ తీసిన క్షణం స్టీలు గ్లాసు కింద పెట్టిన సద్దు కూడా దెబ్బలా తగిలేది. చెవి పరీక్ష చేసిన ఆడియాలజిస్ట్ వినికిడి మామూలుగానే ఉందని, గట్టి సద్దును భరించే మట్టమే తక్కువని చెప్పి, ఈ ప్లగ్గుల గురించి గట్టిగానే మందలించారు. లోపలికి వచ్చే సద్దు తగ్గేకొద్దీ మెదడు వాల్యూమ్ పెంచుకుంటుందట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రెండు వారాలు ప్లగ్గులు పెట్టించి చూస్తే వాళ్లకూ మామూలు సద్దులు గట్టిగా వినిపించాయని 2003లో ఒక ప్రయోగంలో తేలింది. జెనరేటర్ పక్కన, డీజే పక్కన పెట్టుకో, ఇంట్లో పెట్టుకోకు అన్నారు. మెల్లమెల్లగా ఇంట్లో మానేశాను. ఆ మానడం మందు మానడం కంటే కష్టం.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక చిన్న సంగతి, అది ప్రింటర్ దగ్గర తేలింది. పాస్‌బుక్కులు వేసే అమ్మాయి సెలవులో ఉంటే ఆ పని నాకు ఇచ్చారు. చచ్చాననుకున్నాను. చూస్తే, నా చేత్తో పాస్‌బుక్కు లోపలికి తోసి నేనే బటన్ నొక్కితే ఆ కీచు నన్ను ఏమీ చేయలేదు. అదే యంత్రం, అదే సద్దు. సైకాలజిస్ట్‌కు చెబితే, మనం చేసే పని వల్ల వచ్చే సద్దును మెదడు ముందే అంచనా వేసి తక్కువ చేసుకుంటుందని, మనకు మనం కితకితలు పెట్టుకోలేకపోవడం కూడా అందుకేనని చెప్పారు. నేను మేనేజర్ సార్‌ను అడిగి ప్రింటర్ పని పూర్తిగా నాకే తీసుకున్నాను. బ్రాంచిలో అందరూ తప్పించుకునే పని కాబట్టి ఎవరూ పోటీకి రాలేదు. క్యాష్ కౌంటర్ కొన్నాళ్లు వేరేవాళ్లు చూశారు. ఆ ట్యూబ్‌లైటు కూడా మార్పించారు, తీరా దించాక చూస్తే అది నిజంగానే పాడైంది.

ఇంట్లో కూడా ఇదే సూత్రం పట్టుకున్నాం. చట్నీ పని నాది, మిక్సీ నేనే తిప్పుతాను. కుక్కర్ దగ్గరికొచ్చేసరికి నా భార్య వంటింట్లోంచి "విజిల్ వస్తాది, చూస్కోండి" అని కేకేస్తుంది. ఆ ఒక్క మాటతో ఎగిరిపడటం పోయింది. పాప మిక్చర్ తింటుంటే నేనూ ఒక గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని కరకరలాడిస్తాను. నా నోట్లో సద్దు ఉంటే దాని సద్దు బాధించదు. వైద్యం పేరుతో నేను మూడు కిలోలు పెరిగానని నా భార్య దెప్పుతుంది.

అన్నీ ఇలా కుదరవు. మా ఊరి వినాయక నిమజ్జనం తెలిసిందే. కేసీ కెనాల్ ఒడ్డున వినాయక ఘాట్‌కు ఊరేగింపులు వస్తుంటే రోడ్లన్నీ దద్దరిల్లుతాయి. చట్టం ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. 2000లో వచ్చిన నియమాలు. ఆ మాట డీజే బండి ముందు నిలబడి చెప్పి చూడండి. అంతకుముందు ఆ రోజుకు పత్తికొండ పారిపోయేవాణ్ణి. పోయిన ఏడు ఉండిపోయాను. పొద్దున్నే, బండ్లు రాకముందు పాపను తీసుకుపోయి ఘాట్ చూపించాను. సాయంత్రం ప్లగ్గులు పెట్టుకుని మిద్దె మీదనుంచి ఒక గణపతి పోయేదాకా నిలబడ్డాను, తర్వాత లోపలి గదిలోకి వచ్చేశాను. అర్ధరాత్రి గాభరా రానే వచ్చింది. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదులుతూ కూర్చుంటే కాసేపటికి దిగింది. మర్నాడు ఉద్యోగానికి పోయాను. మునుపైతే వారం పట్టేది.

డాక్టరు మందు మోతాదు తగ్గిస్తున్నారు. ఒక్కసారిగా ఆపితే తలలో కరెంటు కొట్టినట్టు ఉంటుందని, కళ్లు తిరుగుతాయని హెచ్చరించారు కాబట్టి నేను తొందరపెట్టడం లేదు. క్యాష్ కౌంటర్‌కు మళ్లీ వచ్చాను, మధ్యాహ్నం దాకా.

ఈ మధ్య ఆ అరవై ప్రశ్నల సంగతి అమ్మకు చెప్పాను. మా అమ్మ పెళ్లిళ్లకు పోదు, పోయినా భోజనం దాకా ఉండదు, పట్టుచీర కట్టదు. చుట్టాల్లో ఆమెకు పొగరు అన్న పేరు నలభై ఏళ్లుగా ఉంది. అంతా విని, "నాకూ అంతే కదరా నాయనా. ఆ బాజాల సద్దుకు కడుపులో తిప్పుతాది. జరీ అంచు మెడకు తగిలితే మంట. చెప్తే ఎవరు నమ్మినారు?" అంది. నేను కూడా ఎప్పుడూ అడిగినవాణ్ణి కాదు కదా.

మొన్న పెద్దమ్మ మనవరాలి పెళ్లికి ఇద్దరం నూలు బట్టల్లో పోయాం. స్పీకర్లకు దూరంగా, బయటి తలుపు పక్కన కూర్చున్నాం. మేళాలు ఎప్పుడు మొదలవుతాయో పంతులుగారిని ముందే అడిగి పెట్టుకున్నాను. తాళి కట్టగానే అక్షింతలు వేసి, పెరుగన్నం తిని బయటపడ్డాం. పెద్దమ్మ అలిగింది, ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు. అమ్మ మాత్రం ఆదోనిలో వచ్చే నెల ఇంకో పెళ్లి ఉందని, రానూ పోనూ ఆటో ఇప్పుడే మాట్లాడి పెట్టమని నా వెంట పడుతోంది.